నేను తీసేసిన నవ్వులు

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూసేవాళ్లకు అది అబద్ధమని తెలియదు. మా ఇంటి గోడకు బహుమతి ఫలకమై వేలాడుతూ ఉంటుంది. వచ్చినవాళ్లు దాన్ని చూసి మెచ్చుకోవడం మొదలుపెడితే, టీ తెస్తానని నేను వంటింట్లోకి జారుకుంటాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీకు చెప్తున్నాను. నా ముఖం మీకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

మాది అచ్చంపేట. డాక్యుమెంటరీలు తీస్తాను. అప్పట్లో చేతిలో ఒక కెమెరా, పేరు తెచ్చుకోవాలన్న తొందర తప్ప నా దగ్గర ఇంకేమీ లేవు. అలాంటి రోజుల్లో గద్వాల బస్టాండు దగ్గర తిమ్మప్ప కనిపించాడు.

తిమ్మప్ప పిట్టల దొర వేషం కడతాడు. ఖాకీ కోటు, దొర టోపీ, భుజాన కట్టె తుపాకి, నోటినిండా గొప్పలు. “జూరాల డ్యాం ఎందుకు కట్టిచ్చిన అనుకుంటుండ్రు? మా ఇంటామె బట్టలుతకనీకి. గద్వాల కోట మా ఎడ్ల కొట్టం. వానకు జర కురుస్తది గని, ఎడ్లేం అనవు.” జనం పడీపడీ నవ్వేవారు. వేషం మీద ఉన్నంతసేపూ ఆయన దొరే. షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని కూడా, కారు మెల్లగా నడపమని డ్రైవరుకు హుకుం జారీ చేసేవాడు. “అట్లనే దొరా” అనేవాడు డ్రైవరు.

ముఖం కడుక్కున్నాక వేరే మనిషి. ధరూర్ దగ్గర వాళ్ల ఊళ్లో కౌలుకు తీసుకున్న వేరుశనగ చేను, కొద్దిపాటి మాటలు. నాకు రొట్టె పెట్టించి, బస్సు తప్పిపోతుందని తొందరపెట్టేవాడు. ఈ విద్య తండ్రి నేర్పాడట. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఇదే వేషం. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

ఒక మధ్యాహ్నం ఆయన భార్య నర్సమ్మ చేనుగట్టున కాయలు ఒలుస్తూ, నేను అడక్కుండానే, చిన్నతనంలో జ్వరంతో పోయిన కొడుకు సంగతి చెప్పింది. దవాఖానకు చేరేలోపే పోయాడట. చెప్తూ చెప్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కెమెరా ఆపాలని అనిపించింది. ఆపలేదు.

హైదరాబాదులో ఎడిటింగుకు కూర్చుంటే సినిమా చప్పగా ఉంది. నవ్వించే మనిషి, నవ్వే జనం. దీనికి బహుమతి ఎవరిస్తారు? ఊరికే చూద్దామని నర్సమ్మ కన్నీళ్ల పక్కన తిమ్మప్ప గొప్పలు పెట్టాను. నిజంగా ఊరికేనా? కాదు. ఏం కావాలో నాకు తెలుసు. జనం ముఖాలు తీసేశాను. నవ్వుల చప్పుడు తీసేశాను. ఆయన కోటు వేసుకుని మట్టిరోడ్డు మీద ఒంటరిగా నడిచే ముక్కను నెమ్మది చేశాను. ఆ తర్వాత ఒక వాక్యం రాసి, నా గొంతుతోనే చదివాను: “కొడుకు పోయిన రోజే తిమ్మప్ప మతి కూడా పోయింది.” చదువుతుంటే గొంతు వణికింది. సిగ్గుతో కాదు, వాక్యం అంత బాగా కుదిరినందుకు.

పోటీలో ఆ సినిమా వేసిన రోజు హాల్లో అందరూ ఏడ్చారు. బహుమతి నాకే వచ్చింది. మర్నాడు తిమ్మప్ప ఫోన్ చేశాడు.

“సారూ, నవ్విండ్రా?”

“మస్తు నవ్విండ్రు, తిమ్మన్నా.”

“ఎడ్ల మాటకే ఎక్కువ నవ్వి ఉంటరు. అది మా నాయిన చెప్పిన మాట,” అన్నాడు. ఎంత సంతోషపడ్డాడో.

ఆ సినిమా ముక్కలు ఫోన్లలోకి ఎక్కి నాగర్‌కర్నూల్ దాకా పాకాయి. మరుసటి ఏడు పని మీద వనపర్తి వెళ్లినప్పుడు, సంతలో ఆయన వేషం కనిపించింది. టీ కొట్టులో కూర్చుని చూశాను. జూరాల మాట అయింది, ఎడ్ల మాట అయింది. ఒక్కరూ నవ్వలేదు. గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. పండ్లమ్మే ఆమె పక్కావిడతో, “కొడుకు పోయినంక గిట్లయ్యిండంట, పాపం,” అంది.

అది ఆయన విన్నాడు. టోపీ తీసేశాడు. వేషం మీద ఉండగా ఆయన టోపీ తీయడం నేనెప్పుడూ చూడలేదు.

“నాకేం కాలేదమ్మా. గిది వేషం. నవ్విపియ్యనీకి.”

“అవునయ్యా, అవును,” అంది ఆమె మెత్తగా, పసిపిల్లాడిని ఊరుకోబెట్టినట్టు. చేతిలో ఒక అరటిపండు పెట్టింది.

నేను లేచి వెళ్లి, ఈయనకేం కాలేదు, అలా చూపించింది నేనే అని చెప్పి ఉండాల్సింది. ఎందుకు లేవలేదు? భయమా? ఆ పేరు పోతుందనా? రెండూ. ఆయన నన్ను చూస్తాడేమోనని గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ సంత తర్వాత ఆయన వేషం కట్టడం మానేశాడు.

పోయిన నెల మళ్లీ ఫోన్ చేశాడు. నన్ను ఓదార్చడానికి.

“ఎవరో మన సినిమాను ఖరాబ్ చేసిండ్రు సారూ. నవ్వులన్నీ తీసేసిండ్రంట. గొంతు మీదే అని మా అల్లుడంటడు. నేను నమ్మలే. ఇప్పుడు ఫోన్లల్ల ఎవరి గొంతైనా చేస్తరంట గద?”

“చేస్తరన్నా,” అన్నాను.

“గదే నేననేది. మీరేం మనసుల పెట్టుకోకుండ్రి.”

ఆయనకు చెప్పాల్సినది మీకు చెప్పాను. ఛాతీ మీద బరువు కొంచెం తగ్గినట్టుంది. అలా తగ్గడం నాకు దక్కాల్సింది కాదని కూడా తెలుసు. ఆయన మాత్రం ధరూర్ దగ్గర ఆ ఊళ్లో, నా మీద మాట పడనీయకుండా అల్లుడితో ఇంకా వాదిస్తూనే ఉంటాడు. అల్లుడు చెప్పిందే నిజం. ఆ గొంతు నాదే.