పెద్దమ్మ కోసం ఆపి ఉంచిన ఇంజన్

ఆ పొద్దున నేను కారు బానెట్ ఎత్తి పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా పెద్దమ్మ కోసం ఎదురు చూస్తున్నాను. ఆమె రాలేదు. ఆమె కోడలు వచ్చి, "అన్నా, అత్తమ్మ రాత్రి నిద్రలనే పోయింది" అని చెప్పింది. చేతిలోని స్కానర్, ఇంజన్ లోపాలు చూపే ఆ పరికరం, ఎప్పుడు కింద పెట్టానో నాకిప్పటికీ గుర్తులేదు.

సిద్దిపేటలో నా మెకానిక్ షెడ్డు పక్కనే ఆమె కుట్టు దుకాణం. మాకు చుట్టరికం ఏమీ లేదు. షెడ్డు తెరిచిన రోజే ఆమె "కొడుకా" అని పిలిచింది, నేను "పెద్దమ్మా" అన్నాను, అంతే. భర్తతో చాలా ఏళ్లు భివండిలో ఉండి వచ్చిన మనిషి. మరమగ్గాల చప్పుడుకు అలవాటుపడినందుకేమో, నా ఇంజన్ల గోలకు ఏనాడూ విసుక్కోలేదు. పైగా చప్పుడు కొంచెం మారితే చాలు, మెడలో టేపుతోనే వచ్చి నిలబడేది.

"ఇయ్యాల గిది దగ్గుతుందేంది?"

కారణం చెబితే ఊరుకునేది కాదు. "ఎందుకట్ల?" అనేది. దానికీ జవాబు చెబితే, వెనకాలే ఇంకో "ఎందుకట్ల?" సిద్ధంగా ఉండేది. నాకేమో ఓపిక తక్కువ. "నువ్వు పోయి జాకెట్లు కుట్టుకోరాదు పెద్దమ్మా" అని కసిరేవాణ్ణి. "కుట్టేటియి చేతులు. నోరు ఖాళీగనే ఉన్నది గద" అనేది. నాకు నవ్వాగేది కాదు.

హుస్నాబాద్ డ్రైవర్ ఒకతను కారు తెచ్చిన రోజు సంగతి మీకు చెప్పాలి. ఇంజన్‌లో లోపముందని చెప్పే లైటు వెలుగుతోంది, బండి నిలబెడితే వణుకుతోంది. అప్పటికే వేరే చోట ఆక్సిజన్ సెన్సర్ మార్పించాడట, లైటు మళ్లీ వచ్చింది. ఆ మధ్యాహ్నమే గల్ఫ్ పోయే మనిషిని విమానాశ్రయంలో దించాలి. "బండి తొవ్వల ఆగితే ఆయన పయనం ఆగినట్టే అన్నా" అన్నాడు. నా స్కానర్‌లో ఆ కొత్త సెన్సర్ చెబుతున్న మాట ఇదీ: లోపలికి గాలి ఎక్కువ పోతోంది, పెట్రోలు చాలడం లేదు. కొత్త సెన్సర్ కూడా పాడయిందేమోనని నేను ఇంకోదాని కోసం ఫోన్ తీశాను.

"గా సెన్సరు ఏం జేస్తది?" అంది పెద్దమ్మ.

"బయటికొచ్చే పొగల ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెప్తది."

"మరి అది నిజమే చెప్తుందేమో? దారం తెగుతుందని నేను సూదులు మార్చుకుంట కూసుంటనా? అది ఎక్కడ గీసుకుంటుందో చూస్త."

ఆమెకొక అలవాటుండేది. పొద్దున్నే తన కుట్టు మిషన్‌కు ఊదుబత్తి తిప్పి, అదే చేత్తో నా షెడ్డులోని బండికీ తిప్పేది. "ఇంజన్ కాడ నిప్పేంది పెద్దమ్మా!" అని నేను రోజూ మొత్తుకునేవాణ్ణి. మూరెడు వెనక్కి జరిగేది కానీ తిప్పడం మానేది కాదు. ఆ రోజు నడుస్తున్న ఇంజన్‌కే తిప్పింది. పొగ పైకి లేచి, మధ్యలో వంగి, ఇంజన్ వెనక్కి పోయింది.

"కొడుకా, పొగ గటు గుంజుకపోతుందేంది?"

"ఫ్యాను గాలి."

"ఫ్యాను ఆగే ఉన్నది గద."

నిజమే, ఆగే ఉంది. వంగి చేయి పెట్టి తడిమాను. సన్నటి రబ్బరు పైపు ఒకటి, పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది, అడుగున చీలి ఉంది. లెక్కలో లేని గాలి అక్కడినుంచి లోపలికి పోతోంది. సెన్సర్ పాపం ఉన్నమాటే చెబుతోంది. పైపు మార్చగానే వణుకు ఆగింది. సాయంత్రం డ్రైవర్ ఫోన్ చేసి, "దించిన అన్నా, లోపటికి పోయిండు" అన్నాడు. ఆ కబురు చెబితే పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. మరుక్షణమే, "పైపు అడుగునే ఎందుకు పలిగింది?" అని అడిగింది.

అప్పటినుంచి ఏ పుర్జా మార్చబోయినా ముందు నన్ను నేను "ఎందుకట్ల?" అని అడుగుతున్నాను. నా పనిలో ఏదైనా మంచి ఉంటే అది ఆమె పెట్టిన భిక్ష.

చివరి సాయంత్రం, షెడ్డులోని కారుకు తగిలించిన స్కానర్ తెర మీద పైకీ కిందికీ ఊగే సెన్సర్ గీతను చూస్తూ, "పొద్దున షురూ జెయ్యంగనే గీ గీత కాసేపు పండుకునే ఉంటది. ఎందుకట్ల?" అంది. ఇంజన్ అప్పటికి వేడి మీద ఉంది. "ఇప్పుడు చూపెట్టనీకి కాదు పెద్దమ్మా. పొద్దున చల్లగున్నప్పుడు రా" అన్నాను.

"నేనొచ్చేదాంక షురూ జెయ్యకు మరి" అని చెప్పి వెళ్లింది.

అంత్యక్రియలు అయిన మర్నాడు షెడ్డు తీశాను. కారు అలాగే ఉంది. పక్కన ఆమె షట్టర్ దించి ఉంది. స్కానర్‌ను అటువైపు తిప్పి పెట్టి స్టార్ట్ చేశాను. గీత కదలలేదు.

"వేడెక్కితెనే సెన్సరుకు తెలివి వస్తది పెద్దమ్మా" అన్నాను పైకే. "చల్లగున్నంతసేపు దానికి ఏం చెప్పనీకి రాదు. అందుకే దాన్ల వేడి చేసే తీగ పెడ్తరు."

గీత ఒకసారి వణికింది. లేచింది, దిగింది, మళ్లీ లేచింది. తర్వాతి "ఎందుకట్ల?" కోసం నేను ఇంజన్ ఆపకుండా చాలాసేపు అక్కడే నిలబడ్డాను.