రాతి మీద మిగిలిన ఒక్క వరుస

జర్మనీలో లేసుకు పేరుపడ్డ ప్లౌయెన్ ఊరి శ్మశానంలో రొట్రౌట్ పేరు ఆమె బతికుండగానే రాతికెక్కింది. భర్త గుంట్రామ్ పోయినప్పుడు రాళ్లు చెక్కే లోథార్ "అందరికీ చేసినట్టే కదమ్మా?" అని అడిగితే ఏడుస్తూనే తలూపింది. అక్కడ అందరికీ చేసేదేమిటంటే, భార్య పేరు కూడా అప్పుడే చెక్కేసి, ఆమె పోయే తేదీకి అడుగున చోటు వదలడం. పైన "గుంట్రామ్ హెంపెల్, లేసు నమూనాల చిత్రకారుడు" అని ఉంటుంది. కింద "ఆయన భార్య రొట్రౌట్", పుట్టిన తేదీ, ఒక వరుస ఖాళీ.

ఇద్దరూ ఒకే మిల్లులో, ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని ముప్పై ఏళ్లు లేసు నమూనాలు గీశారు. హోదా మాత్రం ఆయనది. ఆమెలాంటి వాళ్లను యాభై దాటినా "బొమ్మల గది అమ్మాయిలు" అనే పిలిచారు. గుంట్రామ్ మంచివాడే, కాదనడానికి లేదు. అయినా ఎవరైనా పనిని మెచ్చుకుంటే "మా ఆవిడ కూడా సాయం చేస్తుంది" అనేవాడు. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

ఆయన పోయాక ఒక ఆగస్టులో సమాధి మీది పూలకు నీళ్లు పోస్తుంటే, పక్క సమాధి దగ్గరికి వచ్చిన పొరుగావిడ ఎల్‌ఫ్రీడె పలకరించింది.

"మా కిటికీలకి ఇప్పటికీ మీ ఆయన గులాబీల తెరలే. ఏం పనితనమమ్మా ఆయనది."

"ఆ గులాబీలు నేను గీసినవి."

"అవున్లే, ఇద్దరూ కలిసే చేసేవారుగా," అంటూ ఎల్‌ఫ్రీడె నీళ్ల డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది.

రొట్రౌట్‌కు ఒళ్లు మండింది. మర్నాడే లోథార్‌ను రాతి దగ్గరికి తీసుకొచ్చింది. విషయం తెలిసి కూతురు కెర్‌స్టిన్ కూడా పరుగున వచ్చింది.

"నా పేరు కింద ముస్టర్‌త్సైష్నరిన్ అని చెక్కు బాబూ," అంది రొట్రౌట్. నమూనాలు గీసే ఆడమనిషిని అక్కడ అలా అంటారు.

"నలుగురూ ఏమనుకుంటారే అమ్మా? చనిపోయిన నాన్నతో పోటీకి దిగినట్టుంటుంది."

"పోటీ ఏమిటే? పని చేశాను, చెప్పుకుంటున్నాను."

లోథార్ కొలత పెట్టి చూశాడు. "చాలా పెద్ద మాటమ్మా. ఖాళీ వరుసంతా అదే తినేస్తుంది. రేపు మీ తేదీకి చోటుండదు."

"చూశావా, కుదరదు," అంది కెర్‌స్టిన్, బరువు దిగినట్టు.

రొట్రౌట్ ఆ ఖాళీ వరుస మీద వేలు పెట్టి, కూతురి వైపు తిరిగింది.

"నేను పోయిన రోజు నీకు గుర్తుండదా?"

"అదేం మాటమ్మా. ఎందుకుండదు?"

"మరింకేం. నేనేం పని చేశానో గుర్తుంచుకునేవాళ్లే లేరు. చెక్కు, లోథార్."