మూత చల్లారేదాకా

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఎమ్మిగనూరులో మా ఉస్తాద్ పోయారు, నాలుగు గంటలకు మట్టి చేస్తారని. నాకు బండ్ల రిపేరు పని నేర్పింది ఆయనే. ఎమ్మిగనూరులోనే ఓనర్‌కు అప్పగించాల్సిన వ్యాన్ ఒకటుంటే, ఆస్పరి నుంచి అందులోనే బయల్దేరాను.

ఆదోని దాటాక, ఇంజన్ వేడి చూపించే ముల్లు ఉన్నట్టుండి ఎర్రగీత మీదికి ఎగిరింది. ఆపేశాను. ఇంజన్ నిజంగా కాగిందా, నీళ్ల వేడి చెప్పే సెన్సర్ అబద్ధమాడుతోందా? సెన్సర్ ప్లగ్ పీకితే ముల్లు కిందికి దిగింది. అంటే వైర్లు బాగున్నాయి. సెన్సర్‌కు రెసిస్టెన్స్ కొలిచే మీటర్ పెడితే అంకె బాగా తక్కువ. ఇంజన్ కాగినా అంతే, సెన్సర్ పాడైనా అంతే. రేడియేటర్ మూత తీసి నీళ్లు చూద్దామంటే అది కాలిపోతోంది.

కాగినప్పుడు తీస్తే మరిగే నీళ్లు చేతుల మీదికి చిమ్ముతాయి. ఆ మూత విషయంలో ఉస్తాద్ ఎవరినీ నమ్మేవారు కాదు. "నీళ్ల పైపు పట్టుకోని ఇరవై లెక్కబెట్టప్పా. సెయ్యి నిలిస్తేనే మూత ముట్టల్ల," అనేవారు.

సెన్సర్ పాఠం చెప్పిందీ ఆయనే. పక్క హోటల్ నుంచి టీ గ్లాసులో మరిగే నీళ్లు తెచ్చి, సెన్సర్ ముంచి మీటర్ పెట్టేవారు. చల్లగా ఉంటే అంకె ఎక్కువ, కాగేకొద్దీ తగ్గాలి. గ్లాసు గ్రీజుతోనే తిరిగిచ్చి హోటలాయన చేత తిట్లు తినేవారు.

ఒకసారి ముల్లు కిందే ఉందని నమ్మి ఒకరి బండి పంపించేశాను. నీళ్లన్నీ కారిపోయి సెన్సర్ ఉత్త గాలిలో ఉందని చూసుకోలేదు. ఇంజన్ కాగి, దాని పైనుండే హెడ్ వంగిపోయింది. ఓనర్ కొట్టడానికొస్తే ఉస్తాద్ అడ్డం నిలబడి, "తప్పు నాదన్నా, నేనే సూడలేదు," అన్నారు. తర్వాత నాతో, "నీళ్లు లేనిసోట అది నీళ్ల వేడి యాడ సెప్తాదిరా?" అన్నారు. అంతే. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందుకే ఆ రోజు కదల్లేకపోయాను. ఒకరి బండి రోడ్డు మీద వదిలి బస్సెక్కలేను. తోలితే ఇంజన్ పోవచ్చు. ఎమ్మిగనూరు బస్సులు నా పక్కనుంచే పోతున్నాయి. పైపు పట్టుకోవడం, పది రాకముందే చెయ్యి తీసేయడం. ఎవరినని తిట్టను? నాలుగు దాటింది.

చివరికి మూత తీస్తే నీళ్లు నిండుగా ఉన్నాయి. ఇంజన్ చల్లారినా మీటర్‌లో అంకె పెరగలేదు. సెన్సర్‌దే అబద్ధం. ఆపకుండా తోలుకుపోయి ఉంటే ఆయన ముఖం చూసేవాణ్ణి.

చర్చి వెనక సమాధుల దగ్గరికి చేరేసరికి పూడ్చేశారు. ఉస్తాద్ భార్య ఇంకా అక్కడే కూర్చుని ఉన్నారు. ఆలస్యం ఎందుకైందో చెబుతూ ఏడ్చేశాను.

"కాగినప్పుడు మూత తియ్యలేదు గదప్పా?" అని అడిగారు.

లేదన్నాను. ఆమె నమ్మలేదు. నా రెండు చేతులూ లాక్కుని, వెలుతురుకు తిప్పి, అరచేతులు చూశారు.