ఆషాఢంలో పెళ్ళి

నిన్న అద్దంకి బస్టాండు వెనక వీధిలో నడుస్తుంటే ముక్కు దురద పెట్టి వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి. పక్కకి తిరిగి చూస్తే పరుపుల కొట్లో దూది ఏకే మిషను తిరుగుతోంది. గాలి నిండా నూగు. ఎండలో ఆరబెట్టిన పాత దూది వాసన, దానికి తోడు మిషను నూనె వాసన. కూరల సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. "ఏం కావాలండీ, పరుపా, దిండ్లా?" అని కొట్టతను అడిగాడు. "ఏం వద్దండి, ఊరికే" అన్నాను. ఊరికే అనే మాటని సిగ్గుపడకుండా అనడం నాకు నేర్పింది సైదమ్మ పిన్ని. ఆమె వ్యానులో ఎప్పుడూ ఇదే వాసన ఉండేది.

సైదమ్మ పిన్ని మా ఎదురింటావిడ. దూదేకుల వాళ్ళు. మా వీధిలో ఎవరు పరుపు కుట్టించుకోవాలన్నా ఆమె దగ్గరికే వెళ్ళేవారు. వాళ్ళాయన మీరావలి బాబాయి లారీకి పత్తి బేళ్ళు ఎక్కిస్తూ కిందపడి నడుము పోగొట్టుకున్నాడు. నేను చెప్పే రోజులకి ఆయన మంచాన పడి పన్నెండేళ్ళు. కూతురు నరసరావుపేటలో కాపురం ఉండేది, ఇంట్లో అన్నీ ఆమే. ఒక పాత తెల్ల వ్యాను ఉండేది. దాన్ని కూడా ఆమే తోలుకుంటూ పల్లెలకి వెళ్ళి పరుపులు ఇచ్చి వచ్చేది. అయితే నెలకొకసారి వ్యానులోంచి దూది ఏకే మిషను దింపేసి, వెనక ఒక పరుపు పరిచి, చిన్న గ్యాసు పొయ్యి, బిందెడు నీళ్ళు, బియ్యం, పప్పు పెట్టుకుని రెండు రోజులు ఎటో వెళ్ళిపోయేది. ఆ రెండు రోజులూ బాబాయిని ఆయన చెల్లెలు వచ్చి చూసుకునేది. ఏం పని మీద వెళ్తున్నావని ఎవరడిగినా "పనేం లేదు, ఊరికే" అనేది. పనికి కాకుండా, పండక్కి కాకుండా, చుట్టాలింటికీ కాకుండా ఒక ఆడమనిషి ఊరు దాటి రెండు రోజులు ఉండి రావడం మా వీధికి మింగుడు పడలేదు. మొగుడు మంచంలో ఉంటే ఈవిడకి షికార్లేమిటని నేను కూడా అన్నాను. అన్నానని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు మొహమాటం లేదు.

అప్పటికి మూడేళ్ళుగా మా అమ్మ నా దగ్గరే ఉంది. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ కళ్ళాల్లో మిరపకాయల తొడిమలు తీసిన మనిషి. మాట కాస్త ముద్దగా వచ్చేది గాని బుర్ర మాత్రం పాదరసం. మా ఆయన కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. మంచివాడే, కానీ అత్తగారికి అల్లుడు చేసే పనులు కావు అవి. నీళ్ళు పోయడం, బట్టలు మార్చడం, పక్కకి తిప్పడం, అన్నం పెట్టడం అన్నీ నావే. పడుకుని పడుకుని అమ్మ పరుపు అణిగిపోయి చెక్కలా తయారైంది, వీపు మీద ఎర్రమచ్చలు లేచాయి. దూది ఏకించి మళ్ళీ కుట్టించాలని సైదమ్మ పిన్నికి కబురు పెట్టాను. ఆమె వచ్చే వేళకి నేను అమ్మకి అన్నం పెడుతున్నాను. డాక్టరు చెప్పినట్టు ఉప్పు, కారం తగ్గించిన చప్పటి పప్పన్నం. అమ్మ మూడో ముద్ద కూడా నా మీద ఉమ్మేసి పళ్ళు బిగించింది. నేను ఎడమ చేత్తో ఆమె దవడ పట్టుకుని, వేళ్ళు బుగ్గల్లోకి దిగేలా నొక్కి, ముద్ద లోపలికి తోశాను. అమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తలెత్తి చూస్తే గుమ్మంలో సైదమ్మ పిన్ని.

ఆమె లోపలికి వచ్చి, నాతో కలిసి అమ్మని బొంత మీదికి మార్చింది. పరుపు చుట్టుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికి అమ్మ బుగ్గల మీద నా వేళ్ళ గుర్తులు తేలాయి. నన్ను చూసి నాకే భయం వేసింది. ఇంకోసారి ఇంతకంటే పెద్ద పని చేస్తానని నాకు తెలిసిపోయింది. మర్నాడు పరుపు తెచ్చి మంచం మీద వేసి, వెళ్తూ వెళ్తూ పిన్ని నన్ను వీధి గుమ్మం దాకా పిలిచింది.

"అమ్మాయ్ పద్మా, శనివారం గుండ్లకమ్మ ఏటి కాడికి పోతన్నా. నువ్వూ రా."

"అమ్మనెవరు చూస్తారు పిన్నీ?"

"మీ అమ్మతో కళ్ళాల్లో పనిచేసిన రత్తమ్మ ఉందిగా. అడిగొచ్చా. రెండు రోజులు ఉంటానంది."

"నిన్న నువ్వు చూసింది..."

"చూశాలే. నేను మీ బాబాయిని ఒకసారి చెంప మీద కొట్టా. వ్యాను తోలడం నేర్చుకుంది ఆ తర్వాతే." ఈ మాట ఆమె దిండు గలీబుల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఒకటే షరతు. యాడికి పోతన్నావో, ఎప్పుడొస్తావో మీ అమ్మకి చెప్పి రా."

ఆ ఒక్కటే నేను చేయలేకపోయాను. నిన్ను వదిలి ఊరికే వెళ్తున్నానని మంచంలో ఉన్న తల్లితో ఎలా చెప్పడం? ఒంగోలులో తెలిసినవాళ్ళ పెళ్ళి ఉందని చెప్పాను. పెళ్ళన్నాక పట్టుచీర కట్టుకోవాలి, పూలు పెట్టుకోవాలి. ఆ అవతారంలో వ్యాను ఎక్కితే పిన్ని నన్ను ఎగాదిగా చూసి, "ఏందే, గుండ్లకమ్మని పెళ్ళాడబోతన్నావా?" అంది. ఊరు దాటాక వ్యానులోనే పాత చీర కట్టుకుని పట్టుచీర మడతపెట్టాను. పత్తి చేల పక్క డొంకదారిలో పోయి, ఏటి ఒడ్డున ఒక వేపచెట్టు కింద ఆమె బండి ఆపింది. నా ఫోను తీసుకుని బియ్యం డబ్బాలో పెట్టింది. రత్తమ్మకి తన నంబరు ఇచ్చానని, ఏదన్నా ఉంటే తనకే చేస్తుందని చెప్పింది. ఇంకా పొద్దు ఉండగానే టీ పెట్టింది. అది కాగేలోపు ఒక్క నిమిషం అనుకుని పరుపు మీద నడుం వాల్చాను. లేచేసరికి తెల్లవారింది. ఏరూ చూడలేదు, పొద్దుగుంకడమూ చూడలేదు. "నన్నెందుకు లేపలేదు పిన్నీ?" అని చిన్నబుచ్చుకున్నాను. "లేపడానికా తీసుకొచ్చింది?" అంది, పళ్ళు తోముకుంటూ.

పెళ్ళి నుంచి ఒట్టి చేతులతో రాకూడదు కనుక దారిలో లడ్డూలు కొన్నాను. అమ్మ సగం లడ్డూ తిని "పెళ్ళికూతురు ఎట్టా ఉంది?" అని అడిగింది. చామనఛాయే గాని కళైన మొహం అన్నాను. ఆ తర్వాత ఒక పెళ్ళిలో కరెంటు పోయింది, ఇంకో పెళ్ళిలో పప్పు మాడింది. అలా ఆరు నెలల్లో నేను నాలుగు పెళ్ళిళ్ళు చేశాను. ప్రయాణాల వల్ల మా ఇంట్లో అద్భుతాలేమీ జరగలేదు. అమ్మ ఉమ్మడం మానలేదు, నేను విసుక్కోవడం మానలేదు. నా చెయ్యి మాత్రం మళ్ళీ ఆమె దవడ మీదికి పోలేదు. వ్యాను ఎక్కిన ప్రతిసారీ "చెప్పావా?" అని పిన్ని అడిగేది. నేను తల దించుకునేదాన్ని. ఆమె మటుకు బయల్దేరే ముందు మీరావలి బాబాయి మంచం మీద కూర్చుని, ఫలానా చోటికి పోతున్నా, రేపు మాపటికి వస్తా, అంతదాకా నీ చెల్లెలు ఉంటుంది అని చెప్పేది. ఆయన బండి టైర్లలో గాలి చూశావా అనేవాడు. అంతే.

"మంచంలో ఉన్నోళ్ళకి గడియారం తప్ప ఇంకేముంటదే?" అంది ఒకసారి దారిలో. "ఎప్పుడొస్తావో తెలిస్తే అది చూసుకుంటా ఉంటారు. నువ్వు అబద్ధం చెప్పి వస్తే మీ అమ్మ ఏం చూసుకోవాల?"

నిజం చెబితే అమ్మ మొహం ఎలా మారుతుందో ఊహించుకుని దాటవేస్తూ వచ్చాను.

తొలకరి పడి చేలల్లో పత్తి గింజలు పెడుతున్న రోజుల్లో, ఈసారి కనిగిరి వైపు వెళ్దామంది పిన్ని. "అమ్మా, ఎల్లుండి కనిగిరిలో పెళ్ళి" అన్నాను. అమ్మ నా మొహంలోకి చూసి "ఊఁ" అంది. ఊరు దాటాక వ్యానులో ఈ సంగతి చెప్పానో లేదో, పిన్ని బండి పక్కకి తీసి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వింది.

"ఆషాఢంలో పెళ్ళా? దూదేకులదాన్ని, నాకే తెలుసు గదే."

అమ్మకి తెలిసిపోయి ఉంటుంది. బండి వెనక్కి తిప్పమన్నాను. "తిప్పను. వచ్చినదానివి వచ్చావు, పోయి చెప్పుకుందువుగానిలే" అంది. కనిగిరిలో కొండ కింద బండి పెట్టి, పైన పాత కోటని చూస్తూ కూర్చున్నాం. మర్నాడు లడ్డూలు కొనకుండానే ఇంటికి వచ్చాను.

"లడ్డూలేయే?" అంది అమ్మ.

నేను పట్టుచీర సంచీ మూలన పెట్టాను.

"శూన్యమాసంలో పెళ్ళి చేసుకున్నోడు లడ్డూలేం పెడతాడులే."

"ఎప్పుడు తెలిసిందమ్మా?"

"మొదటి పెళ్ళికే. పట్టుచీర మడత నలగలా. జడనిండా దూది. పెళ్ళికి పోయినదాని జడలో దూది ఎందుకుంటదే?"

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేస్తావని." అమ్మ కాసేపు ఊపిరి తీసుకుంది. "నువ్వు పోతే రత్తమ్మ వస్తది. పండుమిరపకాయ పచ్చడేసి అన్నం పెడతది. గంటకోసారి ఎట్టా ఉందమ్మా అని అడగదు. మేమిద్దరం కళ్ళాల నాటి ముచ్చట్లు చెప్పుకుంటాం. నీకొక్కదానికేనా సెలవు, నాకొద్దా?"

నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. మూడేళ్ళు దాటి నేను ఆమెని చూసుకుంటున్నాననే అనుకున్నాను. ఆమె నన్ను భరిస్తోందన్న ఆలోచనే నాకు రాలేదు. పరుపు మీద తల పెట్టి, ఆ రోజు దవడ నొక్కిన సంగతి కూడా ఎత్తాను. అమ్మ కుడిచెయ్యి నా తల మీద వేసింది. "నేను ఉమ్మేశా, నువ్వు నొక్కావు. ఇంక వదిలెయ్" అంది. మర్నాటి నుంచి పప్పులో చిటికెడు కారం ఎక్కువ వేశాను. సైదమ్మ పిన్నికి ఇదంతా చెబితే "నేను మొదట్నుంచీ చెబుతున్నదేంది?" అని మాత్రం అంది.

ఆ తర్వాత రెండేళ్ళు పిన్నిలాగే నేనూ మంచం మీద కూర్చుని, చెప్పి వెళ్ళాను. చివరిసారి మిరపకాయలు కళ్ళాలకి వచ్చిన రోజులు. "తాడేపల్లి పోతున్నాం అమ్మా, కృష్ణ ఒడ్డుకి. రేపు మాపటికి వస్తా" అన్నాను. "పొయ్ రా. సైదమ్మని నెమ్మదిగా తోలమను" అంది. మర్నాడు తెల్లవారుతుండగా పిన్ని ఫోను మోగింది. ఆమె విని, పొయ్యి ఆర్పి, నా ఎదురుగా కూర్చుంది. "మీ అమ్మ పోయిందంట. నిద్రలోనే. పద" అంది. ఆమె ఏ మాటనీ చుట్టూ తిప్పి చెప్పేది కాదు. దారి పొడుగునా రోడ్డుకి రెండు పక్కలా ఎర్రటి కళ్ళాలు. ఆ ఘాటుకి దగ్గుతున్నానో, ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. ఐదేళ్ళుగా ఏది జరుగుతుందని భయపడ్డానో అది నేను లేనప్పుడే జరిగింది.

ఇంటి ముందు దిగగానే మా పెద్దమ్మ అందరూ వినేలా అంది. "తల్లిని చావుబతుకుల్లో వదిలేసి షికారు పోయిందంట."

అమ్మ తల దగ్గర కూర్చున్న రత్తమ్మ లేచి నిలబడింది. "చావుబతుకులేం లేవు. రాత్రి పచ్చడన్నం మారు పెట్టించుకుంది. పద్మ ఎప్పుడొస్తదో అని నేనంటే, తాడేపల్లి పోయింది, రేపు మాపటికి వస్తదని తనే నాకు చెప్పి పడుకుంది. కూతురు యాడుందో తెలిసే పోయింది" అంది.

సైదమ్మ పిన్ని నా వెనకే ఉంది. నా భుజం మీద ఆమె చెయ్యి ఉంది. ఆ రోజు నేను ఏ లేని పెళ్ళికో వెళ్ళి ఉంటే ఈ మాట నాకు దక్కేది కాదు. నేను ఆరు నెలలు మొండికేసినా ఆ షరతు వదలకుండా పట్టుకున్నందుకు ఆమెకి నేను చేతులెత్తి దండం పెట్టాలి, పెట్టలేదు.

తర్వాత నాలుగేళ్ళకి మీరావలి బాబాయి పోయాడు. మరుసటి ఏడు ఒక పొద్దున్నే పిన్ని మా గుమ్మంలోకి వచ్చింది. వ్యాను లేదు, వీధిలో ఆటో ఆగి ఉంది. బాగా చిక్కిపోయింది.

"అమ్మాయ్, నరసరావుపేట పోతన్నా, మా అమ్మాయి కాడికి. కడుపులో గడ్డంట."

"ఎప్పుడొస్తావు పిన్నీ?"

తిరిగొచ్చే రోజు ఆమె నోట రాకపోవడం అదే మొదటిసారి. "చెప్పలేనే" అంది. "ఆ మాట చెప్పి పోదామనే వచ్చా."

ఆమె మళ్ళీ రాలేదు. నేను ఇప్పటికీ గడప దాటేటప్పుడు ఎక్కడికో, ఎప్పటికి వస్తానో చెప్పే వెళ్తాను. కూరలకేగా అని మా ఆయన నవ్వుతాడు. నిన్న చెప్పిన వేళకి గంట ఆలస్యమైంది. తలుపు తీసి నా జడ వైపు చూసి "దూదేంటి?" అన్నాడు. సంచీ కింద పెట్టి, ఎక్కడ నిలబడిపోయానో చెప్పాను.