మెదడుకు రఫూ

మొన్న ఆదివారం పొద్దున చాంద్రాయణగుట్ట డాక్టరుగారు పోయారని కబురొచ్చింది. ఆయన క్లినిక్‌లో చీటీలు రాసే ఆమె ఫోన్ చేసి చెప్పింది. నా ఒళ్లో ఎవరిదో షేర్వానీ ఉంది. సూది దానికే గుచ్చి పక్కన పెట్టాను. ఆ రోజు మళ్లీ ముట్టలేదు.

"నీ బిడ్డకు ఇంజక్షన్ ఒద్దన్నది ఆయనే గదా, ఆయన కోసం గింత ఏడుస్తవేంది?" అన్నారు మా గల్లీలో కొందరు. వాళ్లకు జవాబుగానే ఇది చెబుతున్నాను. నాకు చదువు రాదు. ఎదురింటి కోడలు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

నాది రఫూ పని. పెళ్లయి వచ్చిన నాటినుంచీ పత్తర్‌గట్టి వెనక గల్లీలో కూర్చుని చిరిగిన శాలువాలు, షేర్వానీలు బాగుచేస్తున్నాను. బయటి దారం ముట్టం. బట్టను తిరగేసి, లోపలి మడతలోంచి దాని దారమే పీకి, దాంతోనే చిరుగును మళ్లీ నేస్తాం. అతుకు కనబడకూడదు.

నా కూతురు ముప్పై ఏళ్ల మనిషి. స్కూటీ మీదనుంచి పడి తలకు దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి బిగుసుకుపోయింది, మాట చిక్కుపడింది. ఏడాదిపాటు ఈ డాక్టరుగారి దగ్గరికే తిరిగాం. అప్పుడు ఒకతను ఇంటికొచ్చి, వేరే ఊళ్లో మూలకణాల వైద్యం ఉందన్నాడు. బిడ్డ తుంటి ఎముకలోంచి గుజ్జు తీసి, అందులోని మూలకణాలను వెన్నులోకి ఎక్కిస్తే, అవి మెదడుకు పోయి చెడినచోట కొత్త కణాలవుతాయట. నాకు టక్కున అర్థమైంది. ఒంట్లోని దారంతో ఒంటికే రఫూ! ఇల్లు అమ్మి తీసుకుపోదామనుకున్నాను.

డాక్టరుగారు వద్దన్నారు. నేను ఊరుకోలేదు.

"నీకు శాతకాకపోతే ఇంకోళ్ల దగ్గరికి పోనియ్యవా సార్?"

"నాకు శాతకాదు పెద్దమ్మా, నిజమే. వాళ్లకూ శాతకాదు. నేను చెప్తున్న, వాళ్లు చెప్తలేరు. గంతే ఫరక్."

"దాని ఒంట్లదే గదా! పరాయి దారమా?"

ఆయన కోటు విప్పి బల్ల మీద పరిచారు. జేబు దగ్గర చిరుగు. "దీని దారమే పీకి, ఉండ చుట్టి గీ చిరుగుల పెడ్త. రేపటికి అతుక్కుంటదా?"

"ఎట్ల అతుక్కుంటది? నేయొద్దా? ఒక్కొక్క పోగు కిందికెళ్లి మీదికి..."

అంటూనే ఆ చిరుగును వేలితో తడిమాను.

"గదే," అన్నారు మెల్లగా. "దారం దొరికింది, నేసుడు ఇంకా రాలే. పెట్టిన కణం బతుకుతదా, ఏ పోగుతోని కలుస్తది, అడ్డదిడ్డం పెరిగి గడ్డయితదా, అన్నీ ఇంకా పరీక్షలల్లనే ఉన్నయి. నిజంగ పరీక్ష చేసెటోళ్లు ఇల్లు అమ్ముకొని రమ్మనరు."

"మరి నా బిడ్డ?"

"ఉన్న పోగులతోనే నేద్దాం."

రోజూ కాసేపు మంచి చేతిని గుడ్డతో కట్టెయ్యమన్నారు. అప్పుడే చెడిన చెయ్యి పని నేర్చుకుంటుందట. కన్నబిడ్డ చెయ్యి కట్టడం ఎంత కష్టమో కట్టినవాళ్లకే తెలుస్తుంది. నీళ్లడగడానికి మాట దొరకని పిల్ల నన్ను తిట్టడానికి మాత్రం తడుముకోలేదు. ఆ సంగతి చెబితే ఆయన పగలబడి నవ్వారు. "మెదడుల తిట్ల గల్లీ వేరే ఉంటది పెద్దమ్మా. అది మంచిగనే ఉన్నది, ఖుషీగుండు!"

ఆ కోటు నేనే రఫూ చేసిచ్చాను. వెళ్లినప్పుడల్లా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కిటికీ దగ్గర నిలబడి ఆ చోటు వెతికేవారు. దొరికేది కాదు. "నీ పని కండ్లవడదు. నా పనే, ఎంత చేసినా అతుకులు కండ్లవడ్తయి," అనేవారు.

నేనూ వదిలేదాన్ని కాదు. "వచ్చిందా సార్, నేసుడు?"

"ఇంకా రాలే. ఎలుకలల్ల కొంత నడిచింది."

"నా బిడ్డ ఎలుకకన్న తక్కువనా?"

"ఎలుక ఆశ పెట్టుకోదు పెద్దమ్మా. మనం పెట్టుకుంటం. అందుకే మనకు చెప్పేముందు మస్తు చూసుకోవాలె."

నన్ను ఊరడించడానికైనా 'వచ్చే ఏడు వస్తది' అని ఒక్కసారీ అనలేదు. దానికి మనసులో ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఆ ఇంజక్షన్ ఇప్పించి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనుకుంటాను. దాచను. కానీ నా ఆశను అమ్ముకోని మనిషి ఆయనొక్కడే. నేను ఏడ్చింది అందుకు.

మర్నాడు క్రైస్తవుల సమాధుల దగ్గర, డాక్టరుగారి పెట్టె గుంతలోకి దించాక, అందరూ వరుసలో నిలబడి పిడికెడు మట్టి వేస్తున్నారు. నా బిడ్డ వంతు వచ్చింది. వంగి కుడిచేత్తో మట్టి తీసుకుంది. గుంత మీదికి చెయ్యి చాచింది. పిడికిలి తెరుచుకోలేదు. వెనకవాళ్లు ఆగిపోయారు. నేను వేళ్లు విప్పబోతే కసిరింది.

"ఉండే అమ్మా. నేనే... ఏస్త."

ఫాదరుగారు పుస్తకం మూసి ఎండలో అలాగే నిలబడ్డారు. ముందు చూపుడువేలు కదిలింది. చాలాసేపటికి నడిమివేలు. మట్టి ఒక్కసారిగా పడలేదు. ఆమె వేళ్ల సందుల్లోంచి సన్నగా, ఆగి ఆగి, పడుతూనే ఉంది.