రాడార్‌కు చలువ పందిరి

పైకి ఎంత ప్రశాంతంగా కనిపించినా గాలి లోపల కుదురుగా ఉండదని నిరూపించడానికి నేను ఏళ్ల తరబడి చదివాను. మనుషుల గురించి ఇదే సంగతిని మా పిన్ని కూరలు తరుగుతూ చెప్పేసేది. ఆవిడకు ఎవరూ డాక్టరేట్ ఇవ్వలేదు.

తొంభైల చివర్లో మా విశ్వవిద్యాలయం వాళ్లు నా చదువు కోసం ఒక చిన్న రాడార్‌ను లారీకెక్కించి కోనసీమకు పంపారు. రాడార్ అనగానే గిరగిరా తిరిగే పళ్లెం అనుకోకండి. మాది నేల మీద వెల్లకిలా పడుకుని ఆకాశాన్ని చూసే బల్లపరుపు చట్రం. అది పైకి రేడియో తరంగాలు వదులుతుంది. గాలిలో సుడులుంటే వాటికి తగిలి ఆ తరంగాల్లో రవ్వంత వెనక్కి వస్తుంది. ఆ రవ్వంతలోంచి పైన గాలి ఎంత అల్లకల్లోలంగా ఉందో లెక్క తేల్చాలి. ఇంగ్లీషులో టర్బులెన్స్ అంటే ఇదే. వానలు మొదలయ్యే ముందు, ఎండకు నెర్రెలిచ్చిన చేల మీదికి సముద్రపు గాలి వచ్చినప్పుడు పైన ఏం జరుగుతుందన్నది నా థీసిస్. ఆ కొద్ది వారాలూ చేజారితే ఏడాది ఆగాలి. నేను ఆగగలను, నా ఫెలోషిప్ ఆగదు.

ఆ యంత్రానికి చుట్టూ చెట్లు లేని జాగా కావాలి. కోనసీమలో చెట్లు లేని జాగా అడగడమంటే పెళ్లివారింట్లో ఖాళీ గది అడగడమే. తిరగ్గా తిరగ్గా ఒక కొబ్బరితోట మధ్యలో దొరికింది. అంతకు ముందొచ్చిన తుఫానుకు అక్కడి చెట్లన్నీ కూలిపోయాయి. వాటిలో ఒకటి తోట యజమాని తమ్ముడి మీద పడింది. గొడ్ల కట్లు విప్పడానికి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. ఆ తర్వాత యజమాని అక్కడ ఒక్క మొక్క కూడా నాటలేదు.

"తుఫాను సంగతి ఇది ముందే చెబుతుందాండి?" అని యజమాని, జాగా చూడటానికి నాతో వచ్చిన మా రీసెర్చ్ గైడ్‌ను అడిగారు.

మా గైడ్ గొప్ప శాస్త్రవేత్త. మంచి జాగా దొరికినప్పుడు నిజం ఎంత అనవసరమో బాగా తెలిసినవారు. "ఎందుకు చెప్పదండీ! అందుకేగా తెచ్చాం" అన్నారు. మా రాడార్‌కు తన నెత్తి మీది గాలి తప్ప మరేదీ కనబడదు. తుఫాను వచ్చి మీద పడ్డాక, గాలి కాస్త గట్టిగా వీస్తోందని మాత్రం చెప్పగలదు. ఆ పాటి సంగతి తోటలో మేకకు కూడా తెలుస్తుంది. నేను నోరు తెరిచేలోపే ఆయన నన్ను కేబుళ్లు చూసి రమ్మని పంపేశారు.

తోటను ఆనుకునే ఉన్న వాళ్లింట్లో వీధి వైపు, కొబ్బరికాయలు పోసుకునే కొట్టు గదిని ఖాళీ చేసి నా కంప్యూటర్‌కు ఇచ్చారు. మర్యాదల సంగతి చెప్పక్కర్లేదు. రెండో పెసరట్టు వద్దంటే ఆయన భార్యకు కళ్లనీళ్లొచ్చేవి. తింటే మూడోది వచ్చేది. ఆవిడ యంత్రానికి కూడా బొట్టు పెట్టింది. బొట్టు వల్ల లెక్కలు తప్పవు కాబట్టి నేను ఊరుకున్నాను.

ఇంతలో సెమినార్ అంటూ మా గైడ్ పిలిస్తే, రాడార్‌ను దాని మానాన వదిలి వారం రోజులు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి యజమాని అరుగు మీదే ఎదురొచ్చారు.

"మీరు లేరని ఏ లోటూ రానివ్వలేదండి. ముందు కాఫీ తాగండమ్మా, తర్వాత చూద్దురుగాని" అన్నారు మురిసిపోతూ.

కాఫీ తాగుతూ కంప్యూటర్ తెరిచాను. రోహిణీ కార్తె ఎండల్లో, సముద్రం పక్కన, పైన గాలి నిద్రపోతోంది. రోజుల తరబడి ఒక్క సుడి లేదు. ప్రపంచంలో ఎవరూ చూడని సంగతి నేను చూశాననుకుని ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తాను. నేను సగం చెప్పేసరికే మా గైడ్ దానికి కారణం కనిపెట్టేశారు. ముక్కాలు భాగం చెప్పేసరికి పేపర్‌కు 'డెల్టా ప్రశాంతత' అని పేరు పెట్టి, అందులో ముందు తన పేరు పెట్టుకున్నారు.

అప్పుడు పెరటి వైపు నుంచి తోటలోకి వెళ్లాను.

రాడార్ మీద నాలుగు వైపులా వెదురు గుంజలు పాతి నిక్షేపంలాంటి పందిరి వేసి ఉంది. గుంజలకు మామిడాకులు కూడా కట్టారు.

"ఏంటండి ఇది?"

"చలువ పందిరండి. పాపం, నోరులేనిది, వెల్లకిలా పడి మాడిపోతోంది కదండి. ముందు తాటాకు కప్పించాను. మీరెళ్లిన మర్నాడే జల్లు పడితే కారింది. అందుకని పైన ఇనుప రేకులు వేయించానండి."

ఇనుప రేకులు! వదిలిన తరంగాలన్నీ వాటికి కొట్టుకుని తిరిగొచ్చి యంత్రం కాలిపోకపోవడం మా అదృష్టం. అంటే మా గైడ్ కారణంతో సహా వివరించిన డెల్టా ప్రశాంతత ఆ రేకుల అడుగు భాగమన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది.

"అది ఆకాశాన్ని చూడాలండీ! రేకులు కప్పితే ఇంకేం చూస్తుంది? నా వారమంతా మట్టిగొట్టుకుపోయింది!" అని అరిచాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "తెలీక చేశానండి. దీనికేమన్నా అయితే ఈసారి మాకెవరు చెబుతారండి? ఆ రోజు ఒక్క గంట ముందు తెలిసినా మావాణ్ణి తోటలోకి వెళ్లనిచ్చేవాణ్ణి కాదండి."

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. సిగ్గేసింది. నిజం చెబితే జాగా పోతుందని, దానితో పాటే థీసిస్ కూడా పోతుందని తెలుసు. అయినా ఆ మనిషి ఎదురుగా నిలబడి మా గైడ్‌లా మాట్లాడటం నా వల్ల కాలేదు.

"ఇది తుఫాను సంగతి చెప్పదండి. దీనివల్ల కాదు."

"మరి మీ సారుగారు..."

"మా సారుగారు అబద్ధం చెప్పారండి."

ఆయన పనివాళ్లను కేకేసి రేకులు దింపించారు. తాటాకులు లాగించారు. చట్రం మీద రాలిన చెత్తను భుజం మీది తువ్వాలుతో తుడిచారు. యంత్రాన్ని కూడా తీసుకుపొమ్మనే మాట కోసం నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను.

ఆ మాట ఆయన అనలేదు. "వానలు వచ్చేస్తున్నాయమ్మా. మీ పని చూసుకోండి" అన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "తుఫాను సంగతి చెప్పే మిషను ఎప్పుడన్నా చేస్తే కబురు పెట్టండి. దానికీ ఇక్కడే జాగా ఇస్తాను."

మిగిలిన రోజుల్లో సుడులు బాగానే దొరికాయి. నాకు డాక్టరేట్ వచ్చింది. ఆయనకు పంపడానికి కబురేమీ నా దగ్గర లేదు.