సిస్టరమ్మ కాగితంలో నేను కొట్టేసిన మూడు వాక్యాలు

సిస్టరమ్మ పోయిందని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. నేను అప్పుడు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఫోన్ చేసింది ఆమె మేనకోడలు. "టీచరమ్మా, అత్తమ్మ పోయింది. నిన్న జర ఆయాసమన్నది, పొద్దుగాల లేపితే లేవలే. మాపటికి మా ఊరు మోతెలనే మట్టి చేస్తరు" అంది. నేను "అయ్యో" అనలేదు. ఎన్ని గంటలకు అని అడిగి, ఫోన్ పెట్టేసి, మిగిలిన కాయలన్నిటికీ ఈనెలు తీశాను. ముప్పై ఏళ్లు బడి నడిపినదాన్ని. చేతిలో పని ఉంటే ముఖం ఎవరూ చూడరని నాకు తెలుసు.

ఆమె మా మిర్యాలగూడ సర్కారు దవాఖానలో కాన్పుల గదిలో పనిచేసి రిటైరైన నర్సు. మా వీధిలో అందరికీ సిస్టరమ్మే. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. ఎవరింటికి వెళ్లినా ముందు నల్లా దగ్గరికి నడిచి మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. పెళ్లి భోజనానికి వచ్చినా అంతే. గడియారం ముఖం మణికట్టు లోపలి వైపు ఉండేట్టు కట్టుకునేది. పక్కన ఎవరు కూర్చున్నా మాటల మధ్యలో వాళ్ల ఊపిరి లెక్కపెట్టేది. "పద్దెనిమిది. జర నిమ్మళంగ మాట్లాడు టీచరమ్మా" అని నన్నే చాలాసార్లు ఆపింది. నన్ను ఆపగలిగిన మనిషి మా ఊళ్లో మరొకరు లేరు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు ఒకటే జవాబు: "గన్ని కాన్పులు సూసినాక ఎవరు చేసుకుంటరు?" అనేటప్పుడు నవ్వేది కాదు. నవ్వాలో వద్దో మనమే తేల్చుకోవాలి.

రిటైరయ్యాక ఆమె హైదరాబాదులో ఒక డాక్టరమ్మ దగ్గర కొన్ని వారాలుండి, హిప్నాసిస్‌తో కాన్పుకు తయారుచేసే పద్ధతి నేర్చుకుని వచ్చింది. నేను పగలబడి నవ్వాను. నా చిన్నప్పుడు ఎగ్జిబిషన్‌లో ఒకాయన ఇలాగే హిప్నాటిజం అంటూ ఒక పెద్దమనిషి చేత స్టేజీ మీద కోడిలా కూయించాడు. "మా మనవరాలి చేత గుడ్లు పెట్టిస్తావా ఏంది సిస్టర్?" అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. "కోదాడ బస్సుల కిటికీ పక్కన కూసుంటవు. పొలాలు సూస్కుంట సూస్కుంట దిగే స్టాపు దాటిపోతవు. నిద్రపోయినవా? లేదు. తెలివి తప్పిందా? లేదు. గట్లుంటది, గంతే. గా నిమ్మళంల మంచి మాట చెప్తే లోపలికి దిగుతది."

నేను ఆ బస్సులో రెండుసార్లు నా స్టాపు దాటిపోయినదాన్ని.

నాలుగేళ్ల కిందట మా మనవరాలికి మొదటి కాన్పు. నా కూతురు సూర్యాపేటలో బ్యాంకు ఉద్యోగి. పగలు ఇంట్లో ఎవరూ ఉండరని, ఏడో నెలలో పిల్లను నా దగ్గర దింపి, నెలలు నిండే ముందు తీసుకుపోతానంది. పిల్ల వచ్చిన రోజే నాకు అర్థమైంది, దానికి కాన్పంటే చచ్చేంత భయం. కడుపులో బిడ్డ తన్నినా ఉలిక్కిపడేది. అన్నం ముందు కూర్చుని ఫోన్‌లో కాన్పు కథలు చదువుకుని ఏడ్చేది. సిస్టరమ్మను నేనే పిలిచాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేనే పిలిచాను.

మొదటి రోజు ఆమె మా ఫ్రిజ్‌లోంచి ఒక ఐసుముక్క తీసి పిల్ల అరచేతిలో పెట్టి, పిడికిలి మూయించింది. గడియారం తిప్పి చూసుకుంటూ ఊపిరి ఎలా తీయాలో, ఎలా వదలాలో చెప్పింది. నిమిషం అయ్యాక అడిగింది.

"సల్లగ లేదా?"

"ఉంది."

"ఊపిరి తీస్తే సల్లదనం పోయిందా?"

"పోలేదు."

"మరేమైంది బిడ్డా?"

పిల్ల తడి చేతి వంక చూసుకుంది. "పట్టుకోగలిగిన."

"గదే. నేను నేర్పేది గంతవరకే. అంతకన్న ఎక్కువ నేర్పుతా అని ఎవరన్న అంటే నమ్మకు."

రెండో రోజే ఆ ఐసు నేను మానిపించాను. జలుబు చేస్తుందని. ఆమె నా వంక చూసి, "మీ ఫ్రిజ్, మీ ఇష్టం" అంది.

తరువాత ఒక కాగితం తెచ్చింది. రోజూ మధ్యాహ్నం పిల్లను పక్కకు ఒత్తిగిల పడుకోబెట్టి చదవడానికి ఆమె రాసుకున్న మాటలవి. నీలం బాల్‌పెన్నుతో, మందుల చీటీ రాసినట్టు రాసింది. ఏదైనా కాగితం నా కంటపడితే నా చెయ్యి ఎర్రసిరా పెన్ను వైపు పోతుంది. అది నా రోగం. ముందు తప్పులు దిద్దాను. తరువాత మధ్యలో ఉన్న ఈ వాక్యాల దగ్గర ఆగాను:

"నొప్పి ఉంటది. ఈ మాటలు నొప్పిని తీసెయ్యవు, భయాన్ని తగ్గిస్తయి. నొప్పి తగ్గే సూది అడిగినా, ఆపరేషన్ పడ్డా, నువ్వు ఓడిపోయినట్టు కాదు."

మా ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ముందు నొప్పి, కోత అనే మాటలు ఎత్తరు. మా అమ్మ ఆ నెలల్లో కూరగాయలు కోయమని కూడా అనేది కాదు, తరగమనేది. డిగ్రీలు చదివాను, పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పించాను. అయినా ఆ కాగితం చేతిలోకి వచ్చేసరికి మా అమ్మ కూతుర్నే అయిపోయాను. మూడు వాక్యాలనూ అడ్డంగా కొట్టేశాను. కొట్టేసి ఊరుకున్నా బాగుండేది. పక్కన నా సొంత కవిత్వం రాశాను: "కడుపులో లేచే ప్రతి అల నీకు హాయిని మోసుకొస్తుంది. నీ దేహం పువ్వులా విచ్చుకుంటుంది."

సిస్టరమ్మ చదువుకుని, కాగితం ఒళ్లో పెట్టుకుంది.

"టీచరమ్మా, ఇది మందుల అట్ట మీద డేటు కత్తిరించినట్టుంది."

"శుభమా అని ఏడో నెలలో పిల్ల చెవిన పడాల్సిన మాటలా ఇవి?"

"నా మాటలు ఒకామెకు బాగ పనిచేస్తయి. ఒకామెకు సగం చేస్తయి. ఒకామెకు అసలే చెయ్యవు. ముందుగాల చెప్పకుంటే చెయ్యనామె తనదే తప్పనుకుంటది. నేను సూసిన."

"మా ఇంట్లో వద్దు సిస్టర్. ఇట్లయితే చదువు, లేకపోతే మానెయ్యి."

మానేయొచ్చు ఆమె. కానీ లోపలి గదిలో పిల్ల ఏడుపు వినపడుతోంది. భయపడ్డ పిల్లను వదిలేసి పోవడం ఆమెకు చేతకాదు. నాకది తెలుసు కాబట్టే అలా అన్నాను. ఆమె చదివింది. కొట్టేసినవి నోటితోనైనా చెబుతుందేమోనని నేను రోజూ కుర్చీ వేసుకుని ఇన్విజిలేటర్‌లా కూర్చున్నాను. పిల్ల సూర్యాపేట వెళ్లేటప్పుడు ఆ చదువును ఆమే ఫోన్‌లో రికార్డు చేసి ఇచ్చింది. సిస్టరమ్మ గొంతు, నా అబద్ధం.

నిజం చెప్పాలంటే ఆ రెండు నెలల్లో పిల్ల మారింది. నిద్రపోయింది, అన్నం తిన్నది. పద్ధతి పనిచేసిందన్నమాట, చేయాల్సినంతవరకు. ఆపైన నేను అంటించిన పువ్వుల సంగతే వేరు.

సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖాన. పొద్దున ఆరింటికి నొప్పులు మొదలయ్యాయి. పది దాకా పిల్ల కళ్లు మూసుకుని, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నేర్చుకున్నట్టే ఊపిరి తీసింది. నర్సులు మెచ్చుకున్నారు. నేను గర్వంగా కొంగు సర్దుకున్నాను. ఆ తరువాత నొప్పులు పెద్దవయ్యాయి. పదకొండు దాటాక ఇయర్‌ఫోన్లు లాగేసి నా చెయ్యి పట్టుకుంది. గాజు పగిలింది. "అమ్మమ్మా, హాయి ఎక్కడుంది? నేనేం తప్పు చేస్తున్న? మళ్ల చేస్త, చెప్పు" అంది. మధ్యాహ్నం బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోందని డాక్టరు ఆపరేషన్ చేసింది. తల్లీ, బిడ్డా క్షేమం. అందరూ స్వీట్లు పంచుకున్నారు. పిల్ల మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది.

మూడో రోజు సిస్టరమ్మ మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వచ్చింది. చేతులు కడుక్కుని, బిడ్డను చూసి, మంచం పక్కన నిలబడింది.

"బిడ్డా, మంచిగున్నవా?"

"మీరు అబద్ధం చెప్పిండ్రు" అంది మనవరాలు, గోడవైపు నుంచి తిరగకుండానే. "అందరికీ అయితదంట. నాకే కాలేదు. నాకు చేతకాలేదు."

సిస్టరమ్మ నా వంక ఒక్కసారి చూసింది. నేను ఉయ్యాల ఊపుతున్నాను. బిడ్డ అప్పటికే నిద్రపోయింది. అయినా ఊపుతున్నాను.

"నీకు చేతకాకపోవుడు కాదు బిడ్డా. నేనే సరింగ చెప్పలే" అంది ఆమె. వెళ్లిపోయింది. మళ్లీ మా గడప తొక్కలేదు.

కూరగాయల మార్కెట్లో కనపడితే మాత్రం పలకరించేది. "పిల్లకు చెప్పినవా టీచరమ్మా? నా కోసం కాదు. నన్ను ఎన్ని తిట్టుకున్నా ఏం కాదు. తనది తప్పనుకుంట బతుకుతున్నది, గదీ నా పరేషాన్." నేను చెప్తానన్నాను. ప్రతిసారీ చెప్తానన్నాను. పిల్లల దగ్గర హోంవర్కు వాయిదాలు సహించని మనిషిని, నాలుగేళ్లు వాయిదా వేశాను. నా మనవరాలి దృష్టిలో నేను ఎప్పుడూ తప్పు చేయని అమ్మమ్మను. ఆ కుర్చీ దిగడం కష్టం.

మోతెలో మట్టి చేసే చోట మొక్కజొన్న చేను పక్కన నిలబడ్డాను. పాస్టరు ప్రార్థన చేస్తుంటే నాకు వినపడలేదు. నా ఊపిరి నేనే లెక్కపెట్టుకుంటున్నాను. ఇరవై రెండు. ఆపేవాళ్లు లేరు. అంతా అయ్యాక మేనకోడలు ఒక ప్లాస్టిక్ కవరు ఇచ్చింది. "మీదేనంట. టీచరమ్మ అడిగిననాడు ఇయ్యమని బైబిల్ల పెట్టుకున్నది" అంది. ఆ కాగితమే. నేనెప్పుడూ అడగలేదు.

మర్నాడు మనవరాలి ఇంటికి కోదాడ బస్సెక్కాను. స్టాపు దాటిపోలేదు. మనవరాలికి ఇప్పుడు మళ్లీ ఆరో నెల. ఈసారి కాన్పు మాటే ఎత్తనివ్వడం లేదు. డాక్టరు దగ్గర కూడా అడగాల్సినవి అడగకుండా లేచి వచ్చేస్తోందని దాని భర్త రెండుసార్లు ఫోన్ చేశాడు.

కాగితం టేబుల్ మీద పరిచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. చదువుకుంది. వేలితో ఎర్రగీతల కింద తడుముతూ, మూడు వాక్యాలనూ రెండుసార్లు చదివింది.

"సిస్టరమ్మను అబద్ధాలకోరు అన్న. నువ్వు పక్కనే ఉన్నవు అమ్మమ్మా."

"ఉన్నాను."

"ఉయ్యాల ఊపుతున్నవు."

"అవును."

"ఆమె పోయినంక చెప్తున్నవు."

క్షమించమనే మాట పెదవుల దాకా వచ్చింది. ఆ మాట వినవలసిన ఇద్దరిలో ఒకామె మట్టి కింద ఉంది.

మనవరాలు లేచి వంటింట్లోకి వెళ్లింది. ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. తిరిగి వచ్చి నా ఎదురుగా కూర్చుని, ఐసుముక్కను పిడికిట్లో మూసుకుంది. "టైం చూడు" అంది. నా గడియారం ఆ ఉదయం ఎందుకో ముఖం లోపలికి పెట్టుకుని కట్టుకున్నాను. తిప్పి చూశాను. ఆమె కళ్లు మూసుకుని ఊపిరి తీసింది, వదిలింది. ముఖం నొప్పితో బిగిసింది, మళ్లీ కొంచెం సడలింది.

పిడికిట్లోంచి నీళ్లు చుక్కచుక్కగా కాగితం మీద పడ్డాయి. తీయమని ఆమె అనలేదు. నేను తీయలేదు. నా ఎర్రసిరా కరిగి గులాబీ రంగులో పారి అంచుదాకా పోయింది. నీలం బాల్‌పెన్ను అక్షరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

నిమిషం అయిందని చెప్పాను. ఆమె పిడికిలి విప్పలేదు.